కవరుకి ఎడమ పక్క

మా ఇంటికి భోజనానికి వచ్చినవాళ్ళలో ఎవరైనా కాస్త ఓపికగా కనబడితే చాలు, నేను బేస్‌మెంటులోంచి ఆల్బం పట్టుకొస్తాను. మా ఆవిడ వెంటనే "కాఫీ కలుపుతాను" అంటూ వంటింట్లోకి వెళ్ళిపోతుంది. ఆ ఆల్బంలో ఏ పేజీలో ఏముందో, ఏ పేజీ దగ్గర నా గొంతు మారుతుందో ఆవిడకి కంఠతా వచ్చు. పోయిన దసరాకి బొమ్మలకొలువు చూడడానికి వచ్చిన ఒక మిత్రుడు అందులో ఒక కవరు తీసి అటూ ఇటూ తిప్పాడు. లోపల ఉత్తరం ఏమైనా ఉందేమోనని వెలుతురుకి పట్టి చూశాడు. "ఖాళీ కవరుకి 85 డాలర్లు పెట్టావా!" అన్నాడు.

"ఖాళీ ఎక్కడుందోయ్? ఎడమ పక్క చూడు" అన్నాను.

ఆ ఎడమ పక్క కథే ఈ వ్యాసం.

ముందు ఈ వ్యసనం పేరేమిటో చెప్పాలి. కొత్త స్టాంపు విడుదల చేసేటప్పుడు తపాలాశాఖ ఒక తేదీ, ఒక ఊరు ప్రకటిస్తుంది. ఆ స్టాంపు అంటించి, ఆ ఊరి పేరుతో, ఆ తేదీతో ముద్ర కొట్టించిన కవరుని ఫస్ట్ డే కవర్ అంటారు. కుడి పక్క పైన స్టాంపు, దాని మీద ముద్ర ఉంటాయి. ఎడమ పక్క ఏమీ ఉండదు. ఆ జాగాలో స్టాంపుకి తగిన బొమ్మ ఏదైనా వేస్తే ఆ బొమ్మని "క్యాషే" అంటారు. ఇది ఫ్రెంచి మాట. నేను మొదట్లో దీన్ని "క్యాచెట్" అని చదివి, ఒక పెద్దాయన దుకాణంలో నవ్వులపాలయ్యాను. పాపం ఆయన నా పేరు పలికినప్పుడు నేను నవ్వలేదు.

అమెరికా ప్రభుత్వం మొదటి స్టాంపులు 1847 జులై 1 న వేసింది. అయిదు సెంట్ల దాని మీద బెంజమిన్ ఫ్రాంక్లిన్, పది సెంట్ల దాని మీద జార్జి వాషింగ్టన్. ఆ తర్వాత చాలా ఏళ్ళు మొదటి రోజు ముద్ర గురించి పట్టించుకున్నవాళ్ళు తక్కువ. 1920 ల మొదట్లో తపాలాశాఖ విడుదల తేదీలు ముందుగా చెప్పడం మొదలుపెట్టాక సేకరించేవాళ్ళు పెరిగారు. 1923 ఆగస్టులో అధ్యక్షుడు హార్డింగ్ పదవిలో ఉండగానే చనిపోయాడు. ఆయన జ్ఞాపకార్థం నల్లరంగులో రెండు సెంట్ల స్టాంపు వేసి, సెప్టెంబరు 1 న ఆయన సొంత ఊరు, ఒహాయోలోని మారియన్‌లో విడుదల చేశారు. జార్జి లిన్ అనే ఆయన ఆ రోజు కోసం కవర్ల మీద సంతాపవాక్యాలు అచ్చువేయించి పంపాడు. అచ్చు క్యాషేతో వచ్చిన మొదటి ఫస్ట్ డే కవరు అదేనని ఈ రంగంలోవాళ్ళు చెప్పుకుంటారు. ముద్రలో "ఫస్ట్ డే ఆఫ్ ఇష్యూ" అన్న మాటలు రావడం 1937 లో మొదలైంది.

1923 అన్న అంకె దగ్గర నేనెప్పుడూ కాసేపు ఆగుతాను. అదే ఏడాది ఫిబ్రవరి 19 న ఈ దేశపు సుప్రీంకోర్టు భగత్ సింగ్ థింద్ కేసులో తీర్పు చెప్పింది. ఆయన మొదటి ప్రపంచయుద్ధంలో అమెరికా సైన్యపు యూనిఫారం వేసుకున్న మనిషి. అయినా అప్పటి చట్టప్రకారం ఆయన "తెల్లవాడు" కాడు కాబట్టి పౌరసత్వానికి అర్హుడు కాడన్నారు. మనవాళ్ళకి మళ్ళీ పౌరసత్వపు తలుపు తెరిచింది 1946 లో వచ్చిన లూస్ సెల్లర్ చట్టం, అదీ ఏడాదికి వందమందికి. ఆ తర్వాత 1965 చట్టం వచ్చింది కాబట్టే మన డాక్టర్లూ, ఇంజనీర్లూ, నాబోటి కీబోర్డు కార్మికులూ ఇక్కడికి రాగలిగారు. అంటే ఒహాయోలో ఒకాయన కవరు ఎడమ పక్క దేశభక్తిని అచ్చువేయించిన ఏడాదే, మనవాళ్ళకి ఈ దేశపు చిరునామా లేదని తేల్చారన్న మాట.

ఇక చేత్తో వేసిన బొమ్మల సంగతి. అచ్చు క్యాషేలు వేల సంఖ్యలో వస్తాయి. 1939 లో మొదలైన ఆర్ట్‌క్రాఫ్ట్ కంపెనీవారి కవర్లు ఇప్పటికీ డాలరుకీ రెండు డాలర్లకీ దొరుకుతాయి. చేత్తో వేసినవి అలా కాదు. ప్రతి కవరూ విడిగా కూర్చుని వేసిందే. 1940 లలో డొరతీ నాప్ అనే చిత్రకారిణి వేసిన కవర్లని ఈనాడు వేలంలో వందల డాలర్లు పోసి కొంటారు. అవి నా జీతానికి అందవు. నేను కొనేవి ఊరూపేరూ తెలియనివాళ్ళు వేసినవి.

వీటిలో మూడు రకాలున్నాయి. మొత్తం కుంచెతో వేసినవి ఒక రకం. గీతలు అచ్చువేసి రంగులు మాత్రం చేత్తో నింపినవి రెండో రకం. ఎప్పుడో ముద్రపడ్డ ఖాళీ కవరు మీద తర్వాతెప్పుడో బొమ్మ వేసినవి మూడో రకం. ఈ మూడోదాన్ని "యాడ్ ఆన్" అంటారు, అమ్మేవాడు ఆ సంగతి చెప్పి అమ్మాలి. భూతద్దం పెట్టి చూస్తే అచ్చుబొమ్మలో చుక్కలు కనబడతాయి, కుంచెబొమ్మలో రంగు ఒకచోట చిక్కగా, ఒకచోట పలచగా ఆరి ఉంటుంది. కవరు కాగితం పలచన, నీళ్ళు ఎక్కువైతే ముడుచుకుపోతుంది. అందుకని లోపల దళసరి అట్టముక్క పెట్టి, తడి తక్కువచేసి వేస్తారు. మామూలు కవరు ఆరున్నర అంగుళాల పొడుగు, మూడున్నర అంగుళాల పైచిలుకు ఎత్తు. అందులో స్టాంపుకీ, ముద్రకీ, చిరునామాకీ పోగా బొమ్మకి మిగిలేది మన అరచేయంత. ఆ అరచేతిలో యుద్ధాలూ, జెండాలూ, రాజ్యాంగాలూ ఇమడాలి.

ఈ దేశపు చరిత్రకీ కవర్లకీ చుట్టరికం పాతది. 1861 లో అంతర్యుద్ధం మొదలవగానే జెండాలూ, గద్దలూ అచ్చువేసిన కవర్లు రెండు పక్షాలవాళ్ళూ వాడారు. వాటిని "పేట్రియాటిక్ కవర్లు" అంటారు. రెండో ప్రపంచయుద్ధం వచ్చేసరికి ఆ ఆచారం ఫస్ట్ డే కవర్ల మీదకి ఎక్కింది.

మా మిత్రుడు తిప్పి చూసిన 85 డాలర్ల కవరు ఆ కాలానిదే. కుడి పక్క మూడు సెంట్ల ఆకుపచ్చ స్టాంపు, వాషింగ్టన్‌లో 1945 జులై 11 న పడ్డ ముద్ర. స్టాంపు మీద బొమ్మ మీరందరూ చూసిందే. ఇవో జిమా ద్వీపంలో, సూరిబాచి కొండ మీద ఆరుగురు సైనికులు జెండా నిలబెడుతున్న దృశ్యం. ఆ ఏడాది ఫిబ్రవరి 23 న జో రోజెంతాల్ తీసిన ఫోటో అది. మన ఊళ్ళనుంచి ఎవరొచ్చినా ఆర్లింగ్టన్ తీసుకెళ్ళి చూపిస్తామే, ఆ పెద్ద కంచు విగ్రహానికి మూలం కూడా ఆ ఫోటోనే. బతికున్నవాళ్ళ బొమ్మ స్టాంపు మీద వేయకూడదన్న నియమం అప్పట్లో ఉన్నా, దీని విషయంలో సడలించారు. ఆరుగురిలో ముగ్గురు స్టాంపు వచ్చేనాటికే ఆ ద్వీపంలో చనిపోయారు.

ఆ ముగ్గురిలో ఒకడు సార్జెంటు మైకేల్ స్ట్రాంక్. ఇప్పటి స్లొవేకియాలో పుట్టి, చిన్నప్పుడు తల్లిదండ్రులతో పెన్సిల్వేనియా వచ్చినవాడు. 1935 లో తండ్రికి పౌరసత్వం రావడంతో చట్టప్రకారం కొడుకుకీ వచ్చింది గాని, ఆ సంగతి రుజువు చేసే కాగితం మాత్రం ఎవరూ ఇవ్వలేదు. ఆ కాగితాన్ని 2008 జులైలో, ఆర్లింగ్టన్‌లో ఆ విగ్రహం దగ్గరే, ఆయన చెల్లెలి చేతికి ఇచ్చారు. చనిపోయిన 63 ఏళ్ళకి! గ్రీన్‌కార్డు ఆలస్యమైందని నేను విసుక్కున్న రోజుల్లో ఈ సంగతి చదివి కాసేపు నోరు మూసుకున్నాను.

నా కవరులో ఎడమ పక్క ఇవేమీ లేవు. ఒక కిటికీ ఉంది. కిటికీకి చిన్న గుడ్డజెండా వేలాడుతోంది, దాని మీద బంగారురంగు నక్షత్రం. కొడుకుని యుద్ధానికి పంపిన ఇంటివాళ్ళు ఆ రోజుల్లో కిటికీలో నీలం నక్షత్రం పెట్టుకునేవారు. కొడుకు చనిపోతే దాని మీద బంగారు నక్షత్రం కుట్టేవారు. కిటికీ గట్టు మీద విప్పిన ఉత్తరం ఒకటి. అంతే, మనుషులెవరూ లేరు. కింద సంతకం కూడా లేదు. కుడి పక్క ప్రభుత్వం గెలుపు చూపించింది. ఎడమ పక్క పేరులేని ఆ చిత్రకారుడో చిత్రకారిణో, ఆ గెలుపు ఏ ఇంటికి ఎలా చేరిందో చూపించారు.

ఈ కవరు చూశాకే నాకు ఈ వ్యసనంలో అసలు సంగతి అర్థమైంది. కుడి పక్క ప్రభుత్వానిది. అక్కడ ఎవరుండాలో, ఎవరుండకూడదో కమిటీలు తేలుస్తాయి. ఎడమ పక్క మనిషిది.

కుడి పక్క ఎలా తేలుతుందో చెప్పడానికి మా ఊరినుంచే ఒక ఉదాహరణ ఇస్తాను. మా షాంటిలీలో డల్లస్ విమానాశ్రయం పక్కన స్మిత్సోనియన్ వారి ఉద్వార్ హేజీ కేంద్రం ఉంది. 2003 డిసెంబరులో తెరిచారు. వేసవిలో చుట్టాలొస్తే మాకు అది గుడిలాంటిది, ఒక ప్రదక్షిణ తప్పదు. పిల్లలు డిస్కవరీ అంతరిక్షనౌక దగ్గరికి పరుగెడతారు. కొంచెం ఇవతల వెండిలా మెరుస్తూ "ఎనోలా గే" నిలబడి ఉంటుంది. 1945 ఆగస్టు 6 న హిరోషిమా మీద అణుబాంబు వేసిన విమానం అదే.

యుద్ధం ముగిసి 50 ఏళ్ళయిన సందర్భంగా తపాలాశాఖ ఒక స్టాంపుల వరస వేసింది. అందులో 1945 కి సంబంధించిన ఒక స్టాంపు మీద అణుబాంబు పొగమేఘం వేసి, యుద్ధం త్వరగా ముగిసేలా చేసింది బాంబులేనన్న వాక్యం పెట్టాలని తలపెట్టారు. జపాన్ అభ్యంతరం చెప్పింది. 1994 డిసెంబరులో ఆ స్టాంపు మానేసి, దాని స్థానంలో జపాన్ లొంగుబాటుని ప్రకటిస్తున్న ట్రూమన్ బొమ్మ పెట్టారు. అది తప్పా ఒప్పా అని నేను తీర్పు చెప్పబోవడం లేదు. మా ఇంట్లోనే దీని మీద రెండు పార్టీలున్నాయి. కాని పది నిమిషాల దూరంలో అంత పెద్ద విమానాన్ని కళ్ళారా చూడగలిగే మనకి, ఆ వరసలో అంగుళమంత స్టాంపు మీద అది చేసిన పని కనబడదు.

మా ఊరి పేరులోనే ఇంకో చరిత్ర దాగుంది. షాంటిలీ అన్నది ఫ్రాన్సులోని ఒక కోట పేరు. వర్జీనియాలో ఆ పేరు మొదట రిచర్డ్ హెన్రీ లీ అనే ఆయన ఇంటిది. 1776 జూన్ 7 న "ఈ వలసలు స్వతంత్రంగా ఉండాలి" అన్న తీర్మానాన్ని ఫిలడెల్ఫియా సభలో ప్రవేశపెట్టింది ఆయనే. వాళ్ళ వంశంలో అమ్మాయి కొర్నీలియా ఇటువైపు కట్టుకున్న ఇంటికి ఆ పేరే పెట్టుకుంది, అదే ఊరి పేరైంది. అదే వంశానికి చెందిన రిచర్డ్ బ్లాండ్ లీ 1794 లో కట్టిన "సల్లీ" అనే ఇల్లు మ్యూజియం పక్కనే ఇప్పటికీ ఉంది. విమానాశ్రయం కోసం పడగొట్టబోతే 1959 లో కాపాడారు. ఇంటి వెనక బానిసల గుడిసె ఎలా ఉండేదో నమూనా కట్టి చూపిస్తారు. స్వాతంత్ర్యం తీర్మానం చేసిన వంశం, వెనక ఆ గుడిసె. రెండూ చూస్తేనే చరిత్ర.

నా ఆల్బంలో నాకు బాగా ఇష్టమైన పేజీలో రెండు కవర్లు పక్కపక్కనే పెట్టాను. ఒకటి 1961 జనవరి 11 న రిచ్‌మండ్‌లో విడుదలైన పాట్రిక్ హెన్రీ స్టాంపుది. స్వేచ్ఛ కావాలి, లేదా చావు కావాలి అని గర్జించిన మన వర్జీనియా వాడే. రెండోది సరిగ్గా 15 రోజుల తర్వాత, 1961 జనవరి 26 న, మన గణతంత్ర దినం నాడు వాషింగ్టన్‌లో విడుదలైన గాంధీ స్టాంపుది. రెండూ నాలుగు సెంట్లవే. ఈ మధ్యలో, 20 వ తేదీన, కెనెడీ అధ్యక్షుడిగా ప్రమాణం చేశాడు. గాంధీ స్టాంపు "ఛాంపియన్స్ ఆఫ్ లిబర్టీ" అన్న వరసలో చివరిది. అందులో బొలివార్, గారిబాల్డీ, మసారిక్ లాంటివాళ్ళున్నారు. ప్రచ్ఛన్నయుద్ధం రోజుల్లో స్వేచ్ఛ ఎవరి పక్షాన ఉందో లోకానికి చాటడానికి వేసిన వరస అది. ఏ ఉద్దేశంతో వేస్తేనేం, గాంధీగారు అమెరికా కవరెక్కారు.

హెన్రీ కవరు ఎడమ పక్క చిత్రకారుడు చర్చి వేశాడు. చర్చి బయట గుర్రం పగ్గం పట్టుకుని ఒక నల్లవాడు నిలబడి ఉన్నాడు. లోపలినుంచి వస్తున్న మాటలు వాడికి వినబడుతూనే ఉంటాయి కదా! బానిసత్వాన్ని సమర్థించలేనని ఉత్తరంలో ఒప్పుకుంటూనే హెన్రీ బానిసలని ఉంచుకున్నాడు. కుడి పక్క ఆ మాట అనడానికి ఇంకా రెండేళ్ళు పట్టింది. 1963 ఆగస్టు 16 న, బానిస విమోచన ప్రకటనకి వందేళ్ళయిన సందర్భంగా, తెగిన గొలుసు బొమ్మతో అయిదు సెంట్ల స్టాంపు చికాగోలో విడుదలైంది. దాన్ని గీసిన జార్జి ఓల్డెన్ అమెరికా స్టాంపు రూపొందించిన మొదటి ఆఫ్రికన్ అమెరికన్.

గాంధీ కవరు ఎడమ పక్క మాత్రం ఏమీ లేదు. దాని సంగతి చివర చెబుతాను.

జెండాల పేజీ కూడా ఒకటుంది. 1952 జనవరి 2 న ఫిలడెల్ఫియాలో బెట్సీ రాస్ స్టాంపు విడుదలైంది. మొదటి అమెరికా జెండా కుట్టిన ఇల్లాలిగా పిల్లలందరికీ తెలిసిన పేరు. ఈ కథని లోకానికి చెప్పింది ఆవిడ మనవడు, అదీ 1870 లో. ఆ కాలపు కాగితాల్లో దానికి ఆధారం దొరకలేదు. ఆధారం ఉన్నది ఫ్రాన్సిస్ హాప్కిన్సన్ పేరుకి. స్వాతంత్ర్య ప్రకటన మీద సంతకం పెట్టినవాళ్ళలో ఆయనొకడు. జెండా రూపకల్పనకి ప్రతిఫలంగా కొంచెం సర్కారు ద్రాక్షసారాయి ఇప్పించమని 1780 లో బిల్లు పెట్టుకున్నాడు. ఆ పని నువ్వొక్కడివే చేయలేదని ప్రభుత్వం ఎగ్గొట్టింది.

మనకి వెంటనే పింగళి వెంకయ్యగారు గుర్తుకొస్తారు. 1921 లో బెజవాడ కాంగ్రెసు సమావేశాలప్పుడు ఆయన గాంధీగారికి జెండా నమూనా ఇచ్చారు. స్వతంత్ర భారతదేశపు మొదటి స్టాంపు, 1947 నవంబరు 21 న వచ్చిన మూడున్నర అణాలది, జెండా బొమ్మతోనే వచ్చింది. వెంకయ్యగారు పేదరికంలోనే 1963 లో పోయారు. ఆశ్చర్యమేమిటంటే పోయిన రోజు జులై 4. ఆయన బొమ్మతో స్టాంపు 2009 లో వచ్చింది. ఎవరి జెండా ఎవరు గీశారన్న తగువు అక్కడా ఉంది, ఇక్కడా ఉంది. కుడి పక్క చేరడానికి అక్కడా ఇక్కడా క్యూ పొడుగే.

ఇంత చెప్పాక, ఈ పిచ్చి నాకెక్కడినుంచి వచ్చిందో చెప్పకపోతే అబద్ధమాడినట్టే.

మా నాన్నగారు ఆర్.ఎమ్.ఎస్. లో సార్టరు. మాది ఏలూరు. రాత్రిళ్ళు మెయిలు బండిలో నిలబడి, ఊగిపోతున్న గూళ్ళలోకి ఉత్తరాలు విసురుతూ బెజవాడకీ వాల్తేరుకీ మధ్య ఆయన జీవితం గడిచింది. 1975 ఏప్రిల్‌లో హైదరాబాదులో ప్రపంచ తెలుగు మహాసభలు జరిగినప్పుడు వచ్చిన 25 పైసల స్టాంపు ఫస్ట్ డే కవరు ఆయన దగ్గర ఉండేది. దాన్ని పంచాంగంలో పెట్టి దాచారు. ఆయనకి బొమ్మలు వేయడం సరదా. నేను 2003 లో ఇక్కడికి వచ్చాక నెలకో ఉత్తరం రాసేవారు. ప్రతి కవరు మీదా ఎడమ పక్క ఒక బొమ్మ. కొల్లేటి గూడబాతు, రామకోటి ఉత్సవాల పందిరి, మా వీధి చివర కుళాయి, ఒకసారి మా అమ్మ వెనకనుంచి పెట్టుకున్న జడ.

అప్పట్లో నాకు ఉత్తరం లోపల ఉన్నదే ముఖ్యం. ఫోను కార్డులు చవకయ్యాక అదీ ముఖ్యం కాకుండా పోయింది. 2008 లో హెర్న్‌డన్ అపార్ట్‌మెంటు ఖాళీ చేసి షాంటిలీకి మారేటప్పుడు, ఒక అట్టపెట్టెడు పాత కాగితాలు చెత్తలో పడేశాను. నాన్నగారి కవర్లన్నీ అందులో ఉన్నాయి. ఎవరో ఊరూపేరూ లేని మనిషి వేసిన కిటికీకి 85 డాలర్లు ఎందుకు పెట్టావంటే ఇదే నా జవాబు. మా మిత్రుడికి ఆ రోజు చెప్పలేదు.

2015 లో అలెగ్జాండ్రియా కోర్టులో నేను పౌరసత్వ ప్రమాణం చేశాను. ఆ రాత్రి ఏలూరుకి ఫోను చేయడానికి భయపడ్డాను. నాన్నగారు ఏమంటారో! సంగతి విని కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "సార్టింగులో మేం బిళ్ళ చూడంరా, చిరునామా చూస్తాం" అన్నారు. అది ఆశీర్వాదమో, కాదో నాకు ఇప్పటికీ తెలియదు.

మరుసటి ఏడు, మనవాళ్ళు ఏళ్ళతరబడి సంతకాలు సేకరించి అడగ్గా అడగ్గా, దీపావళి స్టాంపు వచ్చింది. 2016 అక్టోబరు 5 న న్యూయార్కులో భారత కాన్సులేటులో విడుదల చేశారు. బంగారురంగు మీద వెలుగుతున్న ప్రమిద. కొన్ని ఖాళీ కవర్లకి న్యూయార్కు ముద్ర వేయించి, ఒకటి నాన్నగారికి పంపాను. "ఎడమ పక్క మీకోసం వదిలేశాను, బొమ్మ వేసి తిరిగి పంపండి" అని రాశాను. చేరిందని ఫోనులో చెప్పారు. అప్పుడే పెద్దనోట్లు రద్దయ్యాయి. బ్యాంకు క్యూల్లో తిరుగుతున్నానని, తీరిక చేసుకుని వేస్తానని అన్నారు. 2017 జనవరిలో, సంక్రాంతి వెళ్ళిన వారానికి, ఆయన పోయారు.

కర్మలు అయ్యాక ఆయన ట్రంకుపెట్టె సర్దుతుంటే ఆ కవరు దొరికింది. లోపల దళసరి అట్ట కూడా పెట్టి ఉంది. ఎడమ పక్క పెన్సిలుతో సన్నటి గీతలు: మా ఏలూరు ఇంటి గుమ్మం, గడప మీద ప్రమిదల వరస, మెట్టు మీద ఒక జత బూట్లు. మా ఇంట్లో బూట్లు వేసుకునేది నేనొక్కణ్ణే. రంగులు వేయలేదు.

మా అమ్మాయికి ఇప్పుడు పదమూడేళ్ళు, బొమ్మలు బాగా వేస్తుంది. పోయినేడు ఆ కవరు దాని చేతికిచ్చి, "తాతయ్య గీతలకి నువ్వు రంగులు వెయ్యి" అన్నాను. చాలాసేపు చూసింది. "వద్దు నాన్నా. ఇది తాతయ్యది. నాది నేను వేరే వేస్తాను" అంది.

అన్నట్టే వేసింది. 2025 ఏప్రిల్ 16 న మాసచూసెట్స్‌లోని కాంకర్డ్‌లో, అమెరికా విప్లవ యుద్ధక్షేత్రాల మీద 15 స్టాంపులు విడుదలయ్యాయి. 2026 జులై 4 తో స్వాతంత్ర్య ప్రకటనకి 250 ఏళ్ళు కదా, ఆ సందడిలో భాగం. అందులో చివరి యుద్ధం మన వర్జీనియాలోని యార్క్‌టౌన్. 1781 అక్టోబరు 19 న కార్న్‌వాలిస్ సైన్యం లొంగిపోయిన చోటు. నాన్నగారు ఉంటే ఇక్కడ తప్పక అందుకునేవారు. ఇక్కడ ఓడిన కార్న్‌వాలిసే అయిదేళ్ళకి గవర్నర్ జనరల్‌గా మన దేశం వచ్చాడు. 1793 లో బెంగాల్లో ఆయన పెట్టిన శాశ్వత శిస్తు పద్ధతినే 1802 లో ఉత్తర సర్కారులకి తెచ్చి, మన జమీందారీలని స్థిరపరిచారు. యార్క్‌టౌనులో గెలిచినవాళ్ళ కథ కుడి పక్క ఉంది. ఓడినవాడి తర్వాతి మజిలీ మన ఊళ్ళ కథ.

మా అమ్మాయి కార్న్‌వాలిస్‌ని వేయలేదు, వాషింగ్టన్‌నీ వేయలేదు. నాలుగో క్లాసులో వర్జీనియా చరిత్రలో చదువుకున్న జేమ్స్‌ని వేసింది. ఆయన బానిస. ఫ్రెంచి సేనాని లఫాయెట్ తరఫున కార్న్‌వాలిస్ శిబిరంలో పనివాడిలా తిరుగుతూ రహస్యాలు చేరవేశాడు. యుద్ధం గెలిచాక సైనికులుగా పోరాడిన బానిసలకి విడుదల దొరికింది గాని, గూఢచారి కాబట్టి ఆయనకి దొరకలేదు. లఫాయెట్ 1784 లో యోగ్యతాపత్రం రాసిచ్చాక, 1787 లో వర్జీనియా శాసనసభ విడుదల చేసింది. ఆ తర్వాత ఆయన తన పేరు జేమ్స్ లఫాయెట్ అని పెట్టుకున్నాడు. ఆ స్టాంపుల మీద ఉన్నవి యుద్ధాల పేర్లే. మా అమ్మాయి కవరులో ఎడమ పక్క జేమ్స్ చీకట్లో నడుస్తున్నాడు, కోటు మడతలో ఉత్తరం ఉంది. ఆకాశం రంగు కొంచెం తడి ఎక్కువై కాగితం ముడుచుకుంది. పరవాలేదు.

గాంధీ కవరు ఎడమ పక్క ఇంకా ఖాళీగానే ఉంది. 1961 నాటి కవరు మీద ఇప్పుడు బొమ్మ వేస్తే దాని ధర పడిపోతుందని డీలర్లంటారు. పడిపోనీయండి. బెజవాడలో జెండా చుట్ట చంకలో పెట్టుకుని నిలబడ్డ వెంకయ్యగారిని వేయమని అమ్మాయిని అడిగాను. ఆయన మొహం ఎలా ఉండేదో చూపించమంది. ఫోటో వెతుకుతున్నాను.

మీ ఇంట్లో పాత అట్టపెట్టెలు ఉంటాయి. పారేసేముందు కవర్లు ఒకసారి తిప్పి చూడండి, ఎడమ పక్క.